కెద్దా గొంతు

సహారా ఎడారిలో ఎల్ మేనియా ఊరికి కాస్త ఇవతల, బెల్టు తెగి రోడ్డు పక్కన ఆగిపోయిన వ్యాను. డ్రైవరు బిలాల్, రెండో గిటారు వాయించే మూసా, మిగతా వాద్యగాళ్లు దారిన పోయే లారీ ఎక్కి బెల్టు కోసం ఊళ్లోకి పోయారు. వ్యాను నీడలో మిగిలింది ఇద్దరే. ఒకరు ఎడారి గిటారు బృందం పెద్ద, కళ్లు తప్ప ముఖమంతా నీలం ముసుగు చుట్టుకునే గాయకుడు కెద్దా. ఇంకొకడు ఆయన మీద పుస్తకం రాస్తానని అల్జీర్స్ నుంచి వచ్చి, మూడేళ్లుగా వాళ్ల వెంటే తిరుగుతున్న లూనీస్. పొయ్యి మీద టీ మరుగుతోంది.

"అది కాదన్నా నేనడిగింది."

"మరేం అడిగావు?"

"నువ్వు పుట్టిందెక్కడ అని. ఒక్క ముక్క."

"చెప్పానుగా. బావి దగ్గర."

"ఏ బావి? నిరుడు తమన్‌రసెత్ దారిలో బావి అన్నావు. మొన్న ఇన్ సలాలో ఆ రేడియో ఆవిడతో సరిహద్దు అవతల బావి అన్నావు. ఒక మనిషి రెండు బావుల దగ్గర ఎలా పుడతాడు?"

"బావులు ఎండిపోతాయి తమ్ముడూ. ఎండిపోయినదాన్ని వదిలేసి ఇంకోటి వెతుక్కుంటాం."

"ఇదిగో, ఇలాంటివే. వినడానికి బాగుంటాయి. గబగబా రాసుకుంటాను. రాత్రి చదువుకుంటే అందులో ఏమీ ఉండదు."

"టీ తాగు. చల్లారుతుంది."

"ఎన్నో గ్లాసిది?"

"రెండోది. మూడోది తాగకుండా లేస్తే పెట్టినవాణ్ణి అవమానించినట్టు."

"తాగే లేస్తాను. కానీ లేవడం మాత్రం ఖాయం. ఎల్ మేనియాలో బస్సెక్కుతున్నాను అన్నా. చెప్పాగా నీకు."

"చెప్పావు."

"నమ్మట్లేదా?"

"నిరుడు కూడా చెప్పావు."

"నిరుడు వేరు. మూసాకి జ్వరం. యాంపు పెట్టెలు దించడానికి మనిషి లేడు. మధ్యలో వదిలేసి ఎలా పోతాను?"

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఇసుక గాలి. బస్సులే తిరగలేదు. అన్నా, దెప్పకు. నేనేమన్నా సరదాకి ఉన్నానా ఇక్కడ?"

"నేనలా అన్నానా?"

"మొదట్లో నా పని రాసుకోవడం. ఆ తర్వాత కుర్చీలు సర్దడం. ఆ తర్వాత పోస్టర్లు రాయడం, ఫోన్లు మాట్లాడటం, నీ బదులు పేపరువాళ్లకి జవాబులు చెప్పడం. రాసేవాడు ఖాళీగా ఉంటాడని అందరికీ ఒక నమ్మకం. వ్యానులో పడుకుంటే డ్రమ్ములు మీద పడతాయి, బయట పడుకుంటే ఇసుక నోట్లో పడుతుంది. కలం పెట్టి నాలుగు ముక్కలు గీకుదామంటే బిలాల్ వచ్చి జాకీ పట్టుకోమంటాడు."

"జాకీ బాగా పడతావు."

"చాలా సంతోషం. వర్దియాకి చెప్తాను. మీ ఆయన పుస్తకం రాయలేదు గానీ జాకీ బాగా పడతాడట అని."

"ఫోన్ చేశావా?"

"మొన్న చేశాను."

"ఏమంది?"

"ఏమంటుంది. బాగానే ఉన్నాం అంది."

"ఎప్పుడొస్తావని అడిగిందా?"

"లేదు."

"ఏం తిన్నావని?"

"లేదు. అక్కడ ఎండలెలా ఉన్నాయి అంది."

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"మొదట ఎప్పుడొస్తావని అడుగుతారు. తర్వాత ఏం తిన్నావని. ఎండల దాకా వచ్చిందంటే..."

"వచ్చిందంటే?"

"ఏం లేదు. పుదీనా ఇంకొంచెం వెయ్యనా?"

"పాప ఫోన్ తీసింది. నాన్నని అన్నాను. ఎవరి నాన్న అంది. నవ్వొచ్చింది ముందు. తర్వాత ఫోన్ పెట్టేసి ఆ టైర్ల కొట్టు వెనక కూర్చుని ఏడ్చాను. బిలాల్ చూశాడు. చూడనట్టు పోయాడు."

"బిలాల్ మంచివాడు."

"నీకివన్నీ ఎలా తెలుసన్నా? ఎండల సంగతి. నిన్నెవరైనా అలా అడిగేవాళ్లుండేవారా?"

"వీళ్లింకా రాలేదేంటి. బెల్టు దొరకలేదేమో."

"చూశావా, మళ్లీ తప్పించుకున్నావు. నీకు పెళ్లయిందా లేదా, అదైనా చెప్పు. పుస్తకంలో పెట్టనులే."

"పుస్తకంలో పెట్టనివి అడగడం నీ పని కాదు కదా."

"మనిషిగా అడుగుతున్నాను."

"మనిషిగా అయితే టీ తాగు... ఆగు... అబ్బ..."

"నీళ్లు, నీళ్లు తాగు. ముసుగు కాస్త వదులు చేసుకో, ఇక్కడ నేనొక్కణ్ణేగా."

"వద్దు. తగ్గింది."

"ఇది మామూలు దగ్గు కాదన్నా. ఇన్ సలాలో డాక్టరు ఏమన్నాడు? బిలాల్‌ని అడిగితే గొంతు అలిసింది అన్నాడు."

"పాడొద్దన్నాడు."

"ఎన్నాళ్లు?"

"ఇక పాడొద్దన్నాడు."

"ఇక అంటే?"

"ఇక అంటే ఇకే. అల్జీర్స్ వెళ్లి కోయించుకోమన్నాడు. కోస్తే మాట కూడా ఉండకపోవచ్చన్నాడు. కోయించుకోకపోతే ఎలాగూ ఉండదన్నాడు. మంచి డాక్టరు. తిప్పి చెప్పలేదు."

"అన్నా..."

"అలా మొహం పెట్టకు. పొయ్యి ఆరిపోతోంది, ఆ పుల్ల ఇటు తొయ్యి."

"మరి ఈ సాయంత్రం కచేరీ? రద్దు చేద్దామా? నేను ఫోన్ చేసి చెప్తాను, ఒంట్లో బాగోలేదని..."

"కచేరీ ఉంటుంది."

"ఎలా ఉంటుంది? నువ్వు పాడకపోతే కెద్దా కచేరీ ఎలా అవుతుంది?"

"అవుతుంది."

"నాకర్థం కాదు. నాకు ఈ బృందంలో చాలా అర్థం కావు. ఒకటి అడుగుతాను, కోప్పడకూడదు."

"నీ మీద కోప్పడి ఏం చేసుకుంటాను."

"మూసా గానీ బిలాల్ గానీ, నిన్ను పేరు పెట్టి పిలవగా నేను ఒక్కసారి వినలేదు. ఆయన అంటారు, పెద్దాయన అంటారు, లేదంటే గడ్డం ఎత్తి ఇటు చూపిస్తారు. మైకులో పేరు చెప్పేది ఎప్పుడూ బయటివాళ్లే. పోస్టరు మీద రాసేది నేను. మొదట్లో గౌరవం అనుకున్నాను."

"గౌరవమే."

"మీలో పోయినవాళ్ల పేరెత్తరు. అది నాకు తెలుసు. మూసా వాళ్ల నాన్న పేరేంటని అడిగితే పళ్లెం ముందునుంచి లేచి వెళ్లిపోయాడు. తర్వాత నువ్వే చెప్పావు, పోయినవాళ్ల పేరు పలికితే వాళ్లకి నిద్ర ఉండదని."

"చెప్పాను."

"మరి బతికున్నవాడి పేరెందుకు ఎత్తరు?"

"పంచదార ఎక్కువైందా?"

"అన్నా. నా వైపు చూడు."

"చూస్తూనే ఉన్నాను."

"కెద్దా బతికే ఉన్నాడా?"

"ఊళ్లోకి వెళ్లి ఎవర్నైనా అడుగు. చిన్న పిల్లలు కూడా చెప్తారు."

"నేను నిన్ను అడుగుతున్నాను అన్నా."

"లేడు. అరక్ కనుమ దాటాక పోయాడు. వ్యానులోనే. మూత్రపిండాలు చెడిపోయాయి, తాగింది తాగినట్టు ఒంట్లోనే ఉండిపోయేది. కాళ్లు ఇంత లావయ్యాయి. నా తొడ మీద తల పెట్టుకుని ఉన్నాడు, రోడ్డు బాగున్నచోట నిద్రపోయాడనుకున్నాను. బిలాల్ అద్దంలో చూసి బండాపాడు."

"మరి... ఎవరికీ చెప్పలేదా?"

"ఆ సాయంత్రం తమన్‌రసెత్‌లో కచేరీ. ముందు రోజు నుంచే జనం లారీల మీద, ఒంటెల మీద వచ్చి మైదానంలో కూర్చున్నారు. ఆయన్ని కొండ పక్కన మట్టి చేసి రాళ్లు పేర్చాం. ప్రార్థన చేశాం. బిలాల్ ఆయన ముసుగు గుడ్డ దాచి ఉంచాడు. అది తెచ్చి నా తలకి చుట్టాడు. ఉతకలేదు కూడా. ఈ ఒక్క సాయంత్రం అన్నాడు."

"ఎన్నాళ్ల కిందట ఇది?"

"నేను వాళ్లతో తిరగడం మొదలెట్టిన నాలుగో ఏట."

"అంటే నేను రాకముందే. చాలా ముందే."

"చాలా ముందు."

"అంటే మూడేళ్లుగా నేను కెద్దా అనుకుంటున్నది..."

"నన్ను."

"అయితే నువ్వు ఆయన తమ్ముడివా?"

"తమ్ముడూ అనే పిలిచేవాడు."

"దేవుడా. మూడేళ్లు. నా పెళ్లాన్ని వదిలి, నా బిడ్డ నా గొంతు మర్చిపోయేదాకా... నేను రాసిందంతా అబద్ధం అన్నమాట."

"అబద్ధం కాదు. నీకు చెప్పినవన్నీ ఆయనవే. ఒక్క మాట నాది కలపలేదు. గిటారు నూనె డబ్బాతో చేసుకున్న సంగతి, జైల్లో పాట కట్టిన సంగతి, మేక తోలు కథ, అన్నీ ఆయన నోటివే. ఆయన ఎక్కడ నవ్వేవాడో నేనూ అక్కడే నవ్వి చెప్పాను."

"రెండు బావులు?"

"ఆ విషయంలో ఆయనే రెండు రకాలుగా చెప్పేవాడు. నేనూ అడిగి అడిగి విసిగిపోయాను. చెప్పకుండానే పోయాడు."

"ఇది రాస్తాను నేను. విను, ఇదే రాస్తాను. మొదటి పేజీలోనే."

"రాయి."

"నిజంగానే రాస్తాను."

"రాయి తమ్ముడూ. అచ్చేయించు. ఆ తర్వాత తమన్‌రసెత్ వెళ్లి మూసా వాళ్లమ్మకి చదివి వినిపించు. కెద్దా లేడంటే ఈ బృందాన్ని పెళ్లికి కూడా ఎవరూ పిలవరు. మూసా బంగారం గుంతల్లో దిగుతాడు, వాళ్లన్న దిగి రాలేదు, గుర్తుందిగా. బిలాల్ సరిహద్దులో దొంగ పెట్రోలు తోలుతాడు, ఎక్కడో కాలిపోతాడు. అది కూడా రాసుకో. రెండో పుస్తకం అవుతుంది."

"నా మీద పెట్టకు ఇదంతా."

"నేను పెట్టలేదు. ఉంది. నువ్వడిగావు, చెప్పాను."

"మూడేళ్లు చెప్పనిది ఇవాళెందుకు చెప్పావు?"

"నువ్వు బస్సెక్కుతానన్నావుగా."

"నిరుడు కూడా అన్నాను."

"నిరుడు నాకు గొంతుండేది."

"అంటే?"

"మూడో గ్లాసు పోయనా?"

"అన్నా, అంటే?"

"సాయంత్రం నా బదులు నువ్వు నిలబడాలి."

"నీకు మతి పోయింది."

"ఉండొచ్చు."

"నాకు పాడటం రాదు."

"బావి పాట మొదటి చరణం చెప్పు."

"ఎందుకు?"

"ఊరికే చెప్పు. రాగంతో అక్కర్లేదు."

"నీళ్లడిగితే పేరడిగారు, పేరు చెబితే... ఊరడిగారు. ఊరు చెబితే నవ్వారు, ఆ ఊళ్లో నీళ్లెక్కడివని."

"పేరు చెబితే దగ్గర ఆగావు."

"నువ్వు అక్కడ ఆగుతావుగా."

"నేను దగ్గొచ్చి ఆగేవాణ్ణి. నువ్వెందుకు ఆగావు? రాగంతో అక్కర్లేదన్నాను. సగం రాగంతోనే చెప్పావు."

"ప్రతి పాటా రాసుకున్నాక నా చేత పాడించేవాడివి. తప్పులు దిద్దడానికి అన్నావు. రాగం లేకుండా రాస్తే మాట చచ్చిపోతుందన్నావు."

"నిజమే కదా."

"తప్పులు దిద్దడానికేనా?"

"మొదట్లో అందుకే."

"నన్ను తయారు చేశావు. గొర్రెని మేపినట్టు మేపావు."

"పోనీ అలాగే అనుకో. కానీ ఒకటి చెప్పు. మూసాకి నా పాటలు ఎన్ని పూర్తిగా వచ్చు? వాడికి వేళ్లు వచ్చు, మాటలు రావు. బిలాల్‌కి గొంతే లేదు. ఈ ఎడారి మొత్తంలో ప్రతి పాటా, ప్రతి చరణం, ఎక్కడ కళ్లు మూసుకుంటానో, ఏ పాట ముందు నీళ్లు తాగుతానో, అన్నీ తెలిసిన మనిషి ఎవరు? నువ్వు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

"నేను రాయడానికి తెలుసుకున్నానన్నా అవన్నీ."

"తెలుసుకోవడం ఎందుకైతేనేం."

"గిటారు ముట్టుకోవడం కూడా రాదు నాకు."

"నాకు మాత్రం వచ్చా? నా గిటారు తీగ యాంపుకి ఎప్పుడైనా తగిలించగా చూశావా?"

"ఏంటి?"

"వెనక మూసా వాయిస్తాడు. ముందు నా వేళ్లు ఆడతాయి. మూడేళ్లు తీగలు చుట్టిపెట్టింది నువ్వే. చూసుకోలేదు."

"నవ్వొస్తోంది. ఏడుపు రావాల్సింది, నవ్వొస్తోంది."

"నాకూ అలాగే ఉండేది."

"మీ భాష సరిగ్గా పలకలేను. నోరు తెరిస్తే ఉత్తరాది వాడినని తెలిసిపోతుంది."

"నేను స్టేజీ మీద ఏం మాట్లాడతాను? సలాం అంటాను. చివర్లో ఎడమ చెయ్యి గుండెల మీద పెట్టుకుంటాను. 'కెద్దా మాట పొదుపు' అని పేపర్లో రాసింది ఎవరు? నువ్వే."

"అదిగో లారీ. బిలాల్ వస్తున్నాడు."

"రానీ."

"బిలాల్, బెల్టు దొరికిందా?"

"దొరికింది రాతగాడా. పాతదే. ఊరిదాకా లాగితే చాలు. మూసా వాళ్లని మైదానం దగ్గరే ఉంచేశాను, తీగలు లాగుతున్నారు. పెద్దాయనా, చెప్పావా వీడికి?"

"చెప్పాను."

"మొత్తం చెప్పావా?"

"చాలావరకు."

"ఏమంటాడు?"

"బస్సెక్కుతానంటున్నాడు."

"బస్సు రేపు పొద్దున గానీ లేదు. కనుక్కునే వచ్చాను. లే, నిలబడు, ఓసారి ఎత్తు చూస్తాను."

"నన్ను ముట్టుకోకు బిలాల్."

"సరిపోతాడు. భుజాలు కాస్త వంచాలి. నడక మాత్రం ఎప్పుడో వచ్చేసింది వీడికి. మొన్న వెనకనుంచి చూసి పెద్దాయనకివ్వాల్సిన మందు వీడికిచ్చాను."

"నువ్వు కూడానా బిలాల్? టైర్ల కొట్టు దగ్గర నన్ను చూశావు. ఎందుకేడుస్తున్నానో తెలుసు నీకు."

"తెలుసు. అందుకే పలకరించలేదు. పలకరిస్తే ఇంటికి పొమ్మని అనేవాణ్ణేమో."

"అనాల్సింది."

"అనాల్సింది. అనలేదు. నాకు నలుగురు పిల్లలు రాతగాడా. ఏం చెయ్యమంటావు?"

"మైదానం ఎలా ఉంది?"

"నిండిపోయింది పెద్దాయనా. శరణార్థి శిబిరాల నుంచి కూడా వచ్చారు. ఒక ముసలమ్మ, కళ్లు కనపడవు, నిన్నటి నుంచి ముందు వరసలోనే కూర్చుందట. ఆ గొంతొక్కటే చాలు నాకు అంటోంది."

"ఆ కళ్లు లేనావిడ ముందా నన్ను పాడమంటున్నావు? ఆవిడకి ముసుగు కనపడదు, గొంతే వినపడుతుంది. ఇట్టే పట్టేస్తుంది."

"నా గొంతు కూడా ఆయన గొంతు కాదు తమ్ముడూ. ఇలాంటివాళ్లు అప్పుడూ ఉన్నారు. పట్టేశారేమో కూడా. ఎవరూ పైకి అనలేదు. ఎందుకంటావు? ఆయన పోయాడని వాళ్లకి మాత్రం కావాలా?"

"ఈ ఒక్క సాయంత్రమే రాతగాడా. పొద్దున నేనే బస్సెక్కిస్తాను."

"ఈయనకీ అదే చెప్పావుగా బిలాల్."

"అప్పుడు కూడా నిజమే చెప్పాను. మర్నాడు ఇంకో కచేరీ వచ్చింది."

"నువ్వెళ్లి బెల్టు ఎక్కించుకో బిలాల్. మేం మాట్లాడుకుంటాం."

"ఎండ దిగిపోతోంది పెద్దాయనా."

"తెలుసు. వెళ్లు."

"ఆ గుడ్డ విప్పుతున్నావేంటన్నా? వద్దు. చుట్టుకో. నాకివ్వకు. నేను పట్టుకోను."

"ఒళ్లో పెట్టుకో చాలు. చుట్టుకోమనట్లేదు."

"నీ ముఖం నేనెప్పుడూ చూడలేదు."

"చూడు. ఏముంది, ముసలాడి ముఖం. ఎండ తగలక కిందంతా తెల్లగా పాలిపోయింది."

"అన్నా, నా మాట విను. నీకు దణ్ణం పెడతాను. నాకు ఇల్లుంది. పేరుంది. పాపకి మళ్లీ నేర్పుకుంటాను, నాన్న అనడం. ఇవాళ వెళ్తే ఇంకా కుదురుతుంది, ఇంకో ఏడాది అయితే కుదరదు, నాకు తెలుసు. వర్దియా మంచిది, తలుపు తీస్తుంది, ఇవాళైతే తీస్తుంది."

"తీస్తుంది. ఇవాళైతే తీస్తుంది."

"మరి పోనివ్వు."

"కాళ్లు కట్టేశానా? బస్సు రేపు పొద్దున. సాయంత్రం ఖాళీయేగా."

"నీ సంగతి వేరన్నా. నువ్వు ఆయన తమ్ముడివి, ఆ ఇంటి మనిషివి, ఈ మట్టిలో పుట్టావు. ముసుగు నీ మీద పడిందంటే అర్థముంది. నేనెవర్ని? మీ చుట్టాన్ని కాను, ఈ ఎడారి వాణ్ణి కాను, పాటగాణ్ణి అసలే కాను. ఆయన మీద ఒక్క పుస్తకం రాసుకుని ఇంటికి పోదామని వచ్చాను."

"నేనూ అందుకే వచ్చాను తమ్ముడూ."